ఆ బొగ్గుగని కార్మికులు ఏం విని ఏడ్చారు? తొలి మెథడిస్టుల ప్రసంగాల మీద చర్చ

మెదక్ మనవరాలు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. వచ్చే నెల మా సంఘంలో యవ్వనస్థుల కూటానికి మూడొందల ఏళ్ల కిందట ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ గురించి నలభై నిమిషాలు మాట్లాడమని అయ్యగారు చెప్పారు. సరేనన్నాను గానీ అప్పటి నుంచి టెన్షన్‌గానే ఉంది.

మాది మెదక్ దగ్గర పల్లె. మా నాయనమ్మ వాళ్లు వెస్లియన్ మిషన్ రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. 1947 సెప్టెంబర్ 27న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు మా సంఘాలూ అందులో కలిశాయి. అలా మెథడిస్ట్ అన్న పేరు పోయింది, అలవాట్లు మాత్రం మిగిలాయి.

నా ఇబ్బంది ఇదీ. 1738 మే 24, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి, రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు, బైబిల్లోని రోమా పత్రికకు జర్మన్ సంస్కర్త లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే వెస్లీ హృదయం వింతగా వెచ్చబడింది. ఇంతవరకు మా సండే స్కూలు పిల్లలు కూడా గుక్కతిప్పుకోకుండా చెప్తారు. మా ప్రసంగాలన్నీ అక్కడే ఆగిపోతాయి. మరి ఆ మనిషి బయటికి వెళ్లి జనానికి ఏం చెప్పాడు? ఏ మాటలు విని వేల మంది పొలాల్లో, ఇటుక బట్టీల దగ్గర నిలబడిపోయారు? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. పెద్ద పదాలు వద్దు. ఇంటర్ చదివే పిల్లలకి అర్థం కావాలి.

పాత పుస్తకాల షెల్ఫ్

మంచి ప్రశ్న అడిగారు చెల్లెమ్మా. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆల్డర్స్‌గేట్‌తో మొదలుపెడితే పిల్లలకి ఆ వెచ్చదనం విలువ తెలియదు. అంతకుముందు పదేళ్ల చలి గురించి చెప్పాలి. 1729 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో జాన్, ఆయన తమ్ముడు చార్లెస్, కొందరు స్నేహితులు నియమం పెట్టుకుని బైబిలు చదివారు, ఉపవాసాలున్నారు, జైళ్లకు వెళ్లి ఖైదీలను పలకరించారు. అన్నీ పద్ధతి ప్రకారం చేస్తున్నారని తోటి విద్యార్థులు వెక్కిరిస్తూ పెట్టిన పేరే మెథడిస్టులు. ఇంత చేసినా జాన్‌కి లోపల నెమ్మది లేదు. 1735లో అమెరికాలోని జార్జియాకు ఓడ ఎక్కాడు. దారిలో తుఫాను వచ్చి తెరచాప చినిగి, నీళ్లు డెక్ మీదికి కొట్టినప్పుడు ఇంగ్లీషువాళ్లు కేకలు పెడుతుంటే, మొరేవియన్లనే జర్మన్ విశ్వాసులు కీర్తన ఆపకుండా పాడారు. మీకు భయం వేయలేదా అని తర్వాత ఒకాయన్ని అడిగాడు. లేదన్నాడు. ఆడవాళ్లకీ పిల్లలకీ వేయలేదా? మావాళ్లకి చావంటే భయం లేదన్నాడు. గురువుగా అభిషేకం పొంది, పరదేశానికి మిషనరీగా వెళ్తున్న వెస్లీ దగ్గర ఆ ధైర్యం లేదు.

1738లో ఓడిపోయినవాడిలా ఇంగ్లండు తిరిగొచ్చాడు. అక్కడ పీటర్ బోలర్ అనే మొరేవియన్ యువకుడు పరిచయమయ్యాడు. నాకే విశ్వాసం లేనప్పుడు ఇతరులకెలా ప్రసంగించను, మానేస్తానని వెస్లీ అంటే ఆయన ఒప్పుకోలేదు. విశ్వాసం వచ్చేదాకా విశ్వాసాన్నే ప్రసంగించు, వచ్చాక అది ఉంది కాబట్టి ప్రసంగిస్తావన్నాడు.

ఆల్డర్స్‌గేట్ రాత్రి గురించి వెస్లీ రాసుకున్న వాక్యంలో జనం వదిలేసే ముక్క ఒకటుంది. ఆయన నా పాపాలను, అవును, నా పాపాలనే తీసివేశాడన్న నిశ్చయం కలిగిందని రాశాడు. 'నా' అన్న మాటను రెండుసార్లు నొక్కాడు. తొలి మెథడిస్టుల ప్రసంగమంతా ఆ మాటలోంచే పుట్టిందని నా అభిప్రాయం. క్రీస్తు లోకం కోసం చనిపోయాడని ఇంగ్లండులో అప్పటికే అందరికీ తెలుసు. నా కోసం అని మాత్రం ఎవరూ అనుకోలేదు.

పాత పుస్తకాల షెల్ఫ్

(పై పోస్టుకు కొనసాగింపు)

ఇక బయట ప్రసంగం సంగతి. ఆ మొదటి అడుగు వెస్లీది కాదు, ఆయన ఆక్స్‌ఫర్డ్ స్నేహితుడు జార్జ్ వైట్‌ఫీల్డ్‌ది. 1739 ఫిబ్రవరి 17న బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్‌లో బొగ్గు తవ్వేవాళ్ల ముందు ఆరుబయట నిలబడ్డాడు. ఆ రోజు వచ్చింది సుమారు 200 మంది. కొద్ది రోజుల్లోనే వేలల్లోకి పెరిగారు. గనుల్లోంచి నేరుగా వచ్చినవాళ్లు, మసిపట్టిన ముఖాలు. వాళ్ల నల్లటి చెంపల మీద కన్నీళ్లు తెల్లటి చారలు గీయడం చూసే, మాట వాళ్ల గుండెకు తగిలిందని వైట్‌ఫీల్డ్‌కి తెలిసింది. అక్కడ వాళ్లకంటూ గుడి లేదు. మర్యాదస్తులు అటువైపు వెళ్లడానికే భయపడేవాళ్లు.

వైట్‌ఫీల్డ్ అమెరికా వెళ్లాల్సి ఉండి వెస్లీని రమ్మన్నాడు. వెస్లీకి మనసు ఒప్పలేదు. గుడి బయట ఆత్మలు రక్షించబడటం దాదాపు పాపమేనని అప్పటిదాకా అనుకునేవాడినని ఆయనే రాసుకున్నాడు. చివరికి ఏప్రిల్ 2న ఇటుకలు చేసే చోట చిన్న దిబ్బ మీద నిలబడి సుమారు 3,000 మందికి ప్రసంగించాడు. ఎంచుకున్న వాక్యం లూకా 4:18, 'బీదలకు సువార్త ప్రకటించుటకై'. అప్పటికే చాలా గుళ్లు ఆయనకు వేదిక ఇవ్వడం మానేశాయి. ఆ వాక్యం ఆ రోజు ఎవరి ముందు చదివాడో పిల్లలకి చెప్పండి, వేరే వివరణ అక్కర్లేదు.

కృపాక్షరం

బ్రదర్, బాగా రాశారు. వైట్‌ఫీల్డ్‌కి రావలసిన ఘనత ఇచ్చినందుకు ప్రత్యేకంగా థ్యాంక్స్. మన దగ్గర మెథడిజం అంటే వెస్లీ ఒక్కడే అన్నట్టు మాట్లాడతారు.

ఆయన గొంతు గురించి ఒక సంగతి. ఫిలడెల్ఫియాలో వైట్‌ఫీల్డ్ కోర్టు మెట్ల మీద నిలబడి ప్రసంగిస్తుంటే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ వెనక్కి వెనక్కి నడుస్తూ మాట ఎంత దూరం వినిపిస్తుందో చూశాడు. ఒక్కో మనిషికి రెండు చదరపు అడుగుల చోటు లెక్కేసి, 30 వేల మందికి పైగా వినగలరని తేల్చాడు. మైకు లేని రోజులు. ఇంకోసారి అనాథాశ్రమం కోసం చందా అడుగుతుంటే ఫ్రాంక్లిన్ ఏమీ ఇవ్వకూడదని నిశ్చయించుకుని కూర్చున్నాడు. జేబులో రాగి నాణేలు, మూడు నాలుగు వెండి డాలర్లు, అయిదు బంగారు నాణేలు ఉన్నాయి. ప్రసంగం సాగుతుంటే రాగి ఇద్దామనుకున్నాడు. ఇంకో మాటకి సిగ్గేసి వెండి ఇద్దామనుకున్నాడు. ముగింపు విన్నాక బంగారంతో సహా జేబు మొత్తం పళ్లెంలో ఖాళీ చేశాడు. ఫ్రాంక్లిన్ ఆయన సిద్ధాంతాన్ని నమ్మినవాడు కాదు, ఈ కథ తనే రాసుకున్నాడు.

సిద్ధాంతం దగ్గర మాత్రం నేను వెస్లీతో లేను. రక్షణ పూర్తిగా దేవుడి ఏర్పాటు, అంటే ఎవరు రక్షించబడాలో ఆయనే ముందుగా ఎన్నుకుంటాడు. మనిషి నిర్ణయం మీద దాన్ని నిలబెడితే నిశ్చయం ఎక్కడుంటుంది? వైట్‌ఫీల్డ్ బాధపడింది అందుకే. 1740 డిసెంబర్ 24న జార్జియా నుంచి వెస్లీకి రాసిన ఉత్తరం చదివితే ఎంత ప్రేమతో, ఎంత నొప్పితో రాశాడో తెలుస్తుంది.

పాత పుస్తకాల షెల్ఫ్

నిజమే బ్రదర్, ఆ ఉత్తరం చదివితే నాకూ కళ్లు చెమర్చాయి. వెస్లీ వైపు కూడా చూడండి. 1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్‌లో, కృప అందరిలోనూ అందరి కోసమూ ఉచితంగా ఉందని ప్రసంగించాడు. అచ్చు వేయాలా వద్దా అని తేల్చుకోలేక చీట్లు కూడా వేశాడు. స్నేహితుడితో తెగిపోతుందని తెలుసు. అయినా ఊరుకోలేకపోయాడు. కారణం ఆ ఇటుక బట్టీ దగ్గరి జనమేనని నేను నమ్ముతాను. ఆ జనంలో ఎవరో ఒకరికి నీ కోసం క్రీస్తు చనిపోలేదేమో అని మనసులో అనుకుంటూ, పైకి రమ్మని ఎలా పిలుస్తాడు?

మనిషి నిర్ణయం అన్నారు కదా. వెస్లీ చెప్పింది సరిగ్గా అది కాదు. మనిషి తనంతట తాను దేవుడి వైపు ఒక్క అడుగు కూడా వేయలేడని మీలాగే ఆయనా గట్టిగా చెప్పాడు. అయితే మనకంటే ముందే మన దగ్గరికి వచ్చే కృప ఒకటుందన్నాడు. చెడ్డపని చేస్తుంటే లోపల గుచ్చుకునేది, దేవుడి మీదికి మనసు మళ్లేది, అదంతా ఆ ముందు నడిచే కృప పనే. అది అందరికీ అందుతుంది, దాన్ని కాదనే స్వేచ్ఛా మనిషికి ఉంది. వాన పొలమంతా కురుస్తుంది, గొడుగు పట్టుకున్నవాడు తడవడు. నేను పిల్లలకి ఇలాగే చెప్తాను.

కృపాక్షరం

గొడుగు ఉపమానం నాకు పూర్తిగా నప్పలేదు బ్రదర్, పాపంలో చచ్చినవాడు గొడుగు పట్టుకోలేడు. బైబిల్లో ఎఫెసీ 2 చదవండి. అయినా ఒక్క విషయంలో ఇద్దరికీ దండం పెడతాను. వాళ్లు తెగతెంపులు చేసుకుని శత్రువుల్లా బతకలేదు. 1770 సెప్టెంబర్ 30న వైట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో జ్ఞాపకార్థ ప్రసంగం చేసింది వెస్లీయే. ఇవాళ ఒక్క వాక్యం దగ్గర తేడా వస్తే వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తున్నాం. ఆ రకంగా చూస్తే ఈ చర్చలో మనం మర్యాదగా ఉండటం నాకు సంతోషంగా ఉంది.

అడ్మిన్

ఏర్పాటు గురించి వేదికలో వేరే చర్చ ఉంది, లోతుగా వాదించాలనుకునేవాళ్లు అక్కడికి రండి. ఇక్కడ చెల్లెమ్మ అడిగిన ప్రశ్న మీదే ఉందాం.

బ్రిస్టల్ తెలుగోడు

నేను ఉండేది బ్రిస్టల్‌లోనే. న్యూ రూమ్ మా ఆఫీసుకు పది నిమిషాల నడక. 1739లో మొదలుపెట్టిన ఆ మందిరం మెథడిస్టులు కట్టుకున్న మొట్టమొదటిది. ఇప్పుడు చుట్టూ బ్రాడ్‌మీడ్ షాపింగ్ వీధి. బట్టల షాపులు, కాఫీ షాపుల మధ్య గేటు తీసుకుని లోపలికి వెళ్తే ముందు గుర్రం మీద కూర్చున్న వెస్లీ విగ్రహం కనిపిస్తుంది.

లోపల గమనించాల్సింది వెలుతురు. కింద గోడలకి వీధివైపు కిటికీలు లేవు. మెథడిస్టుల మీద జనం రాళ్లు వేసే రోజులు కదా. వెలుగంతా పైకప్పులోని ఎనిమిది పలకల అద్దాల గూడులోంచి దిగుతుంది. రెండు అంతస్తుల ప్రసంగవేదిక ఉంది, కింది దాంట్లోంచి వాక్యం చదివేవాళ్లు, పై దాంట్లోంచి ప్రసంగించేవాళ్లు. మేడ మీద ప్రసంగీకులు పడుకునే చిన్న చిన్న గదులు. అక్కడి కిటికీలోంచి వంగి చూస్తే కింద కూటం మొత్తం కనిపిస్తుంది. గుర్రాన్ని కట్టేసే కొట్టం కూడా ఇంకా ఉంది. తెల్లవారి అయిదు గంటలకి ప్రసంగం పెట్టేవాడు వెస్లీ, పనికి పోయేవాళ్లు విని పోవాలని. డిసెంబర్‌లో ఇక్కడ అయిదు గంటలంటే కటిక చీకటి, ఎముకలు కొరికే చలి. ఒకరోజు ఆ టైముకి కావాలనే ఇంట్లోంచి బయలుదేరి నడిచి చూశాను. గేటు మూసే ఉంది, బయటే కాసేపు నిలబడ్డాను. బూట్లలో వేళ్లు మొద్దుబారిపోయాయి. ఆ చీకట్లో నడిచి వచ్చినవాళ్లు ఎంత ఆకలితో వచ్చి ఉంటారో అప్పుడు అర్థమైంది నాకు.

ఇంకొకటి. బ్రిస్టల్ బానిసల వ్యాపారంతో బలిసిన రేవు. 1788 మార్చిలో వెస్లీ ఈ న్యూ రూమ్‌లోనే బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగించాడు. మధ్యలో పెద్ద గలభా లేచి, జనం ఒకరి మీద ఒకరు పడి బెంచీలు విరిగాయి. అప్పటికి ఆయనకి 84 ఏళ్లు.

ఎర్ర మందారం

నేను క్రైస్తవుడిని కాను, కార్మిక చరిత్ర చదివేవాడిని. ఈ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. ఒక ప్రశ్న మనస్ఫూర్తిగా అడుగుతున్నాను, తప్పుగా అనుకోకండి. గనిలో రోజంతా ఒళ్లు హూనం చేసుకునే మనిషికి నీ పాపం గురించి ఏడువు అని చెప్పడం న్యాయమా? అతన్ని అలా ఉంచినవాళ్ల పాపం సంగతేంటి? ఇంగ్లండులో ఫ్రాన్సులాంటి విప్లవం రాకపోవడానికి మెథడిజం ఒక కారణమని హలేవీ అనే ఫ్రెంచి చరిత్రకారుడు వాదించాడు. ఈ ప్రసంగాలు కార్మికుల కోపాన్ని చల్లార్చాయని అనుకునేవాళ్లలో నేనూ ఒకడిని.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

నాయనా, నీ ప్రశ్నలో తప్పేమీ లేదు. నాకు తెలిసినంతలో చెప్తాను.

ఆ రోజుల్లో పెద్దింటివాళ్లు మెథడిస్టు ప్రసంగాన్ని ఎందుకు అసహ్యించుకున్నారో చూడు. భూమి మీద పాకే సామాన్యుల గుండె ఎంత పాపిష్టిదో నాదీ అంతే పాపిష్టిదని చెప్పడం అవమానం కాదా అని బకింగ్‌హామ్ డచెస్ అనే దొరసాని ఉత్తరం రాసింది. గనికూలీకి చెప్పిన మాటే దొరసానికీ చెప్పారు కాబట్టి ఆమెకు అంత కోపం వచ్చింది. ఇద్దరూ ఒకే పాపులైతే ఇద్దరికీ ఒకే కృప, ఒకే బెంచీ.

ఇక లెక్క చెప్తా, అది నా వృత్తి. 1742 ఫిబ్రవరిలో బ్రిస్టల్ న్యూ రూమ్ అప్పు ఎలా తీర్చాలని కూర్చున్నారు. మనిషికి వారానికి ఒక పెన్నీ ఇద్దామన్నాడు ఫోయ్ అనే ఓడ కెప్టెన్. అంత కూడా ఇవ్వలేని పేదలు చాలామంది ఉన్నారన్నారు. అయితే అందరికంటే పేదలైన పదకొండు మందిని నా కింద వేయండి, వారం వారం వాళ్ల ఇళ్లకి నేనే వెళ్తాను, ఇవ్వగలిగితే సరే, లేకపోతే వాళ్లందరిదీ నాదీ కలిపి నేనే కడతానన్నాడు. పన్నెండు మంది, పన్నెండు పెన్నీలు, అంటే వారానికి ఒక షిల్లింగు. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే అసలు సంగతులు బయటపడ్డాయి. ఎవరింట్లో జబ్బు, ఎవరు మళ్లీ తాగుడుకి పడ్డారు, ఎవరింట్లో గొడవ. మేము ఎన్నాళ్లుగానో వెతుకుతున్నది ఇదేనన్నాడు వెస్లీ. అలా పుట్టింది క్లాస్ మీటింగ్. వారానికోసారి పన్నెండు మంది కూర్చుని నీ ఆత్మ ఎలా ఉందని ఒకరినొకరు అడిగేవారు.

గనికూలీ, కుట్టుపనిచేసే ఆడమనిషి జీవితంలో మొదటిసారి నలుగురి ముందు నోరు విప్పి మాట్లాడింది అక్కడే. డబ్బు లెక్క రాయడం, సభ నడపడం అక్కడే నేర్చుకున్నారు. 1834లో కూలి సంఘం పెట్టినందుకు టోల్‌పడిల్ నుంచి ఆస్ట్రేలియాకు పంపేసిన ఆరుగురు పల్లె కూలీల్లో నాయకుడు జార్జ్ లవ్‌లెస్ మెథడిస్టు ప్రసంగీకుడే. ఆ పేరు నీకు తెలిసే ఉంటుంది.

ఎర్ర మందారం

లవ్‌లెస్ పేరు తెలుసు మాస్టారూ. ఆయన ప్రసంగీకుడని చదివాను గానీ క్లాస్ మీటింగ్‌కీ దానికీ ముడి వేసుకోలేదు. ఫోయ్ మాట నాకు బాగా నచ్చింది. పేదవాళ్ల లెక్కను తనమీద వేసుకున్నాడు. నా సందేహం పూర్తిగా పోలేదు, ఎందుకంటే వెస్లీ రాజుకు విధేయుడిగానే ఉన్నాడు, అమెరికా తిరుగుబాటునీ వ్యతిరేకించాడు. కానీ నేను అనుకున్నంత సులువైన కథ కాదిది.

మెదక్ మనవరాలు

మాస్టారూ, క్లాస్ మీటింగ్ గురించి చదివాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా నాయనమ్మ ఊళ్లో గురువారం గురువారం ఒకరింట్లో కూడుకునేవారట. దీపం కింద కూర్చుని ఒక్కొక్కరూ ఆ వారం సంగతి చెప్పేవారట. దానికి పేరు ఉందని ఆమెకి తెలియదు.

ఇంకో ప్రశ్న. మా ముత్తమ్మ బైబిల్ ఉమన్‌గా, అంటే ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకి బైబిలు చెప్తూ ఊళ్లు తిరిగిందని ఇంట్లో చెప్పుకుంటారు. వెస్లీ రోజుల్లో ఆడవాళ్లు ప్రసంగించారా? మా కూటంలో అమ్మాయిలు తప్పకుండా అడుగుతారు.

పాత పుస్తకాల షెల్ఫ్

ప్రసంగించారు. దాని వేరు వాళ్లమ్మ సుసన్నా దగ్గరే ఉంది. గుడి గురువైన భర్త లండన్‌లో ఉన్న రోజుల్లో ఎప్‌వర్త్‌లో ఆదివారం సాయంత్రం వంటింట్లో పిల్లల కోసం ప్రసంగం చదివి ప్రార్థన చేసేది. పొరుగువాళ్లు వచ్చి చేరి, చివరికి 200 మంది దాకా అయ్యారు. గురువుగారి సహాయకుడు ఫిర్యాదు చేస్తే, ఆపమని భర్త రాశాడు. ఆపమని కోరుకోవద్దు, స్పష్టంగా ఆజ్ఞాపించండి, దేవుడి ముందు లెక్క మీరే చెప్పాల్సి ఉంటుందని ఆమె జవాబు. ఆయన ఇక ఆపలేదు. అప్పటికి జాన్‌కి ఎనిమిదేళ్లు.

తర్వాత 1761లో సారా క్రాస్బీ డర్బీలో క్లాస్ నడపడానికి వెళ్తే ముప్పైమంది వస్తారనుకున్నచోట దాదాపు 200 మంది వచ్చారు. ఒక్కొక్కరితో మాట్లాడటం కుదరదు కాబట్టి, ప్రభువు తనకేం చేశాడో నిలబడి అందరికీ చెప్పింది. తప్పు చేశానా అని వెస్లీని అడిగింది. నువ్వు హద్దు దాటలేదన్నాడు. 1771కి వచ్చేసరికి ఆడవాళ్ల ప్రసంగాన్ని సమర్థిస్తూ మేరీ బోసాంకెట్ రాసిన ఉత్తరానికి జవాబుగా, నీకు అసాధారణమైన పిలుపు ఉందని ఒప్పుకున్నాడు. ఆయన పోయాక 1803లో మెథడిస్టు సభ ఆడవాళ్ల ప్రసంగానికి గట్టి హద్దులు పెట్టింది. అయినా మేరీ 1815లో కన్నుమూసేదాకా మానలేదు. మీ ముత్తమ్మ ఆ వరసలోదే చెల్లెమ్మా.

కృపాక్షరం

ఒక సందేహం. 'సంపూర్ణ పరిశుద్ధత' సంగతేంటి? ఈ జీవితంలోనే పాపం లేని స్థితి వస్తుందన్నాడు కదా వెస్లీ. మా ఊళ్లో ఒక సంఘంలో ఈ బోధ పేరుతో ఎంతోమందిని నలిపేశారు. నాకు పరిశుద్ధత వచ్చింది, నీకు రాలేదు అంటూ. మా పెద్దమ్మ పదేళ్లు ఆ అపరాధ భావంతో బతికింది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

మీ పెద్దమ్మ సంగతి చదివి బాధేసింది బాబూ. వెస్లీ బతికుండగానే ఇది జరిగింది. జార్జ్ బెల్ అనే ఆయన తనకు సంపూర్ణత వచ్చిందని చెప్పుకుంటూ, 1763 ఫిబ్రవరి 28న లోకం అంతమవుతుందని ప్రకటించాడు. లండన్‌లో జనం భయంతో వణికిపోయారు. వెస్లీ ఆ మాట అబద్ధమని బహిరంగంగా చెప్పి, ఆ రాత్రి స్పిటల్‌ఫీల్డ్స్‌లో ప్రసంగించి, ఇంటికెళ్లి మామూలుగా నిద్రపోయాడు. ఆ గొడవలో తన తొలి సహాయకుల్లో ఒకడైన థామస్ మాక్స్‌ఫీల్డ్‌నే పోగొట్టుకున్నాడు.

ఆయన చెప్పిన సంపూర్ణత అంటే పొరపాట్లు లేకపోవడం కాదు, అజ్ఞానం, బలహీనత, శోధన పోవడమూ కాదు. దేవుణ్ణి పూర్ణ హృదయంతో, పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించడం. అంతే. తనకది వచ్చేసిందని డప్పు కొట్టుకోలేదు. ఆయన బోధకు ఆయనే ఇచ్చిన పోలిక మన ఇళ్లకు సరిగ్గా సరిపోతుంది. పశ్చాత్తాపం అరుగు, విశ్వాసం గుమ్మం, పరిశుద్ధత ఇల్లు. అరుగు మీద కూర్చుని ఏడవడం దగ్గరే ఆగిపోయేవాళ్లున్నారు. గుమ్మం దాటాను, రక్షించబడ్డానని సాక్ష్యం చెప్పి అక్కడే నిలబడిపోయేవాళ్లూ ఉన్నారు. ఇల్లు ఉన్నది లోపల బతకడానికి. ఆ ఇంట్లో ప్రేమ తప్ప వేరే సామాను లేదు. మీ పెద్దమ్మను నలిపినవాళ్ల చేతిలో మాట ఉంది గానీ ప్రేమ లేదు, కాబట్టి అది వెస్లీ బోధ కాదు.

కృపాక్షరం

మాస్టారూ, ఈ జవాబు ప్రింట్ తీసి పెద్దమ్మకి చదివి వినిపిస్తాను. థ్యాంక్స్.

బ్రిస్టల్ తెలుగోడు

చెల్లెమ్మా, ప్రసంగం తీరు గురించి కూడా ఒక మాట చెప్పండి. మన సభల్లో మైకు పెట్టి గొంతు చించుకోవడమే ఆత్మ నడిపింపు అనుకుంటున్నారు. 1775లో జాన్ కింగ్ అనే ప్రసంగీకుడికి వెస్లీ ఉత్తరం రాశాడు. ఇక అరవొద్దు, నీ ఆత్మకే ప్రమాదం, మనసంతా పెట్టి మాట్లాడు గానీ గొంతు తగ్గించి మాట్లాడు అని. 1746లో ప్రసంగాలు అచ్చేసినప్పుడు కూడా, సామాన్యులకు సాదా సత్యం చెప్పాలన్నదే తన ఉద్దేశమని రాశాడు. గ్రీకు, లాటిన్ బాగా వచ్చిన మనిషి తన మాటల్లోంచి కష్టమైన పదాలు ఏరి పారేశాడు.

1739లో బ్రిస్టల్‌లో వింటూ వింటూ కొందరు కేకలు పెట్టి పడిపోయిన మాట నిజమే, ఆయనే రాశాడు. అయితే పడ్డవాళ్లని లెక్కపెట్టి ఊరుకోలేదు. తర్వాత వాళ్ల బతుకు మారిందా లేదా అని చూశాడు. తాగుబోతు తాగడం మానేశాడా, దొంగ దొంగతనం మానేశాడా, అదే ఆయన అడిగింది.

రిటైర్డ్ లెక్కల మాస్టారు

పిల్లలకి బాగా తెలిసిన విషయంతో మొదలుపెట్టాలంటే డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ గురించి, అంటే అర్ధరాత్రి దాకా మేలుకుని చేసే ప్రార్థన గురించి చెప్పమ్మా. ఈ రోజు తెలుగునాట ఏ సంఘమైనా చేస్తుంది. మొరేవియన్ల దగ్గర మొదలైనా, వెస్లీ వాళ్లలోకి వచ్చింది మాత్రం ఆ కింగ్స్‌వుడ్ బొగ్గుకూలీల వల్లే. శనివారం రాత్రుళ్లు కల్లు దుకాణంలో గడిపిన మనుషులు, మారాక అదే రాత్రి ప్రార్థనకు కూర్చున్నారు. అది మానిపించమని కొందరు చెప్తే వెస్లీ తనే వెళ్లి చూసి, మానిపించకపోగా అందరికీ అలవాటు చేశాడు.

మెదక్ మనవరాలు

అందరికీ వందనాలు. నిన్ననే కూటం అయింది, చెప్పడానికి వచ్చాను.

వాచ్ నైట్‌తో మొదలుపెట్టాను మాస్టారూ. కింగ్స్‌వుడ్ చెంపల మీద తెల్ల చారల సంగతి చెప్పినప్పుడు చప్పుడు లేదు. అరుగు, గుమ్మం, ఇల్లు బోర్డు మీద గీశాను. చార్లెస్ రాసిన వేల కీర్తనల గురించి చెప్పడానికి టైము లేకపోయింది. బానిసత్వం సంగతి వచ్చినప్పుడు, 1791 ఫిబ్రవరి 24న బానిస వ్యాపారం ఆపాలని పోరాడుతున్న పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌కు ధైర్యం చెప్తూ ఉత్తరం రాసి ఆరు రోజులకే, మార్చి 2న వెస్లీ చనిపోయాడని చెప్పాను. వైట్‌ఫీల్డ్ బానిసలను ఉంచుకున్నాడని, జార్జియాలో బానిసత్వాన్ని అనుమతించమని కోరాడని కూడా దాచలేదు. కృపాక్షరం బ్రదర్, మీకు నొప్పి కలిగితే క్షమించండి. పిల్లలకి నిజం చెప్పాలనిపించింది.

నలభై నిమిషాలనుకున్నది గంట దాటింది. చివర్లో కుర్చీలు గుండ్రంగా వేయించి, పన్నెండు పన్నెండు మందిగా కూర్చోబెట్టి ఆ ఒక్క ప్రశ్న అడగమన్నాను. మా గుంపులో వెనక బెంచీ ఆంటీ ఒకావిడ ఉన్నారు, కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చి ఆగిపోయారు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఆదివారం నాకు కనిపించే మనిషి. నీ ఆత్మ ఎలా ఉంది ఆంటీ అని ఒక ఇంటర్ పిల్ల అడిగింది. ఆవిడ కాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుని, బాగా లేదమ్మా, ఎవరూ అడగలేదు ఇన్నాళ్లూ అన్నారు.

గురువారం సాయంత్రం ఆరున్నరకి వాళ్లింట్లోనే కూర్చుంటున్నాం. ఇప్పటికి తొమ్మిది మంది పేర్లిచ్చారు.